పూతరేకుల ఆటకు ఏ ఇంజన్?

2023లో రామచంద్రపురంలో మా మేడ మీద గదే నా గేమ్ స్టూడియో. సిబ్బంది నేనొక్కణ్ణే. ఉద్యోగం మానేసి ఏడాది దాటినా ఒక్క ఆటా బయటికి రాలేదు. భీమవరంలో రొయ్యల మేత కొట్టున్న మా మావగారు మర్యాదగానే తేల్చేశారు: "దసరాకి ఆట రాకపోతే కొట్లోకి వచ్చెయ్యండి, అల్లుడు గారూ." ఆ మాట తలుచుకుంటేనే నాకు మేత వాసన కొట్టేది.

నాది పూతరేకులు తీసే ఆట. కాలుతున్న కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ లాగినట్టు ఫోను తెర మీద వేలితో లాగాలి, రేకు చిరగకుండా రావాలి. అంతే! ఇంత చిన్న ఆటకి గేమ్ ఇంజన్, అంటే బొమ్మల కదలికా శబ్దమూ అన్నీ నడిపే సాఫ్ట్‌వేర్, ఎంచుకోడానికి నాలుగు నెలలు తగలేశాను. పెళ్లిచూపులకి వెళ్లినట్టు ఒక్కోదానికీ ఒక్కో వంక పెట్టాను. చివరికి సినిమాలాంటి త్రీడీ బొమ్మలు చూపించే పెద్ద ఇంజన్‌కి పడిపోయాను. నా కుండ మీద పొగకి కూడా నీడ పడేది.

ముప్పై ఏళ్లుగా రేకులు తీస్తున్న సత్యవతి గారికి చూపిద్దామని ఆత్రేయపురం వెళ్లాను. ఆవిడ పాత ఫోన్లో ఆట ఎక్కించాను. వేలు లాగిన కాసేపటికి గానీ రేకు కదల్లేదు. ఈలోగా ఫోను సెగలు కక్కింది.

"ఏంటండీ బాబూ ఇది, దీని మీదే రేకు తీసెయ్యొచ్చు!" అంటూ ఆవిడ కొంగుతో పట్టుకున్నారు.

"నా కంప్యూటర్లో బాగానే ఆడిందండి," అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

"ఆడుద్దండి. కుండైనా కొట్లో బాగానే ఉంటాది. మేం పొయ్యి మీద బోర్లించి ఒక్క రేకు తీసి చూశాకే ఉంచుకుంటాం. రాకపోతే ఎంత నున్నటిదైనా నీళ్లు కాచుకోడానికే. మీరు ఇలాంటి ఫోన్లో ఒక్క రేకైనా తీసి చూశారా?"

లేదు. నాలుగు నెలలూ ఇంజన్ల మీద వీడియోలు చూశాను.

మర్నాడే అలాంటి పాత ఫోనొకటి సంపాదించి, మూడు ఇంజన్లలో ఒక్కొక్క రేకు తీశాను. రెండు రోజుల్లో తేలిపోయింది. పిల్లల బొమ్మంటూ నేను వెక్కిరించిన చిన్న టూడీ ఇంజన్లో రేకు వేలి వెంటే వచ్చింది. ఆ పొగ నీడల్ని ఏడుస్తూ వదిలేశాను. అప్పట్నుంచి ఏ ఇంజన్ మంచిదని ఎవరడిగినా పేర్లు చెప్పను. ఆటలో ఒక్క ముక్క చేసి, ఆడబోయే మనిషి ఫోన్లో చూడమంటాను.

దసరాకి నాలుగు రోజుల ముందు ఆట విడుదల చేశాను. మర్నాడు మావగారి ఫోను.

"అల్లుడు గారూ, పదకొండు రేకులు వచ్చాయండి. పన్నెండోది చిరిగిపోతోంది!"

వెనక ఎవరో మేత బస్తా కోసం కేకలేస్తున్నారు.

"కాస్త మెల్లిగా లాగండి. అన్నట్టు మావయ్య గారూ, నేను కొట్లోకి రావడం..."

"తర్వాత మాట్లాడదామండి, రేకు మాడిపోతోంది," అని పెట్టేశారు.