చెయ్యి మారిన చోటు

మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన మనిషి మంచం వైపు వెళ్లలేదు. కర్ర ఊతంతో మగ్గం గదిలోకి వెళ్లింది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

చీర అయిపోయి ఉంది.

ఆమె ఆస్పత్రికి వెళ్లేనాటికి అది సగంలో ఉంది. మిగతా సగం తిరిగొచ్చి ఎలాగోలా తన చేత్తోనే నేస్తానని, ఆ తర్వాత ఇక మగ్గం గుంటలోకి దిగనని డాక్టరుకు మాటిచ్చింది. అదే తన ఆఖరి చీర. ఆఖరి పోగు వేసి చెయ్యి తీసేయాలనుకుంది. ఇప్పుడది కొంగుతో సహా, నేసిన బట్టను చుట్టే దోనెకు చుట్టుకుని ఉంది.

వీధిలో ఆమెను సగం మనిషి అంటారు. గుంట మగ్గం నేసేవాళ్ల కాళ్లు కిందుంటాయి. కిటికీలోంచి చూస్తే నడుము దాకానే కనిపిస్తారు. ఎప్పుడైనా బజారులో ఎదురుపడితే "ఇవాళ కాళ్లు తెచ్చుకున్నావే!" అనేవారు. "అరువుకు తెచ్చా, సాయంత్రానికి ఇచ్చేయాలి" అనేది.

నేతలో ఆమెకు ఒకటే పట్టింపు. ఒక చీర మీద రెండు చేతులు పడకూడదు. పలకతో పోగును కొట్టే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఒకరు మొదలుపెట్టినదాన్ని ఇంకొకరు నేస్తే ఆ చోట బట్ట పలచబడుతుంది, లేకపోతే చిక్కబడుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే గీత గీసినట్టుంటుంది. దాన్ని చెయ్యి మారిన చోటు అంటారు. పెళ్లయిన కొత్తలో, ఆమె నీళ్లకు వెళ్లి వచ్చేలోపు, భర్త సరదాకి మగ్గమెక్కి కాస్త నేశాడు. అతనూ నేతగాడే. ఆమె వచ్చి గుంటలో కూర్చుంది. అతను వేసిన పోగులన్నీ విప్పి మళ్లీ నేసింది. అతను ఆ రోజంతా ఆమె ఎదుట పడలేదు.

చీరలు తీసుకునే షాపు కూడా ఆ పట్టింపు చూసే వచ్చింది. నాలుగు ఉతుకులకే పారేసే బట్టలంటే విసుగెత్తినవాళ్లు అక్కడ కొంటారు. రసాయనాల రంగు తగలని నూలు, ఏళ్లు నిలిచే నేత. ప్రతి చీరకూ ఒక అట్టముక్క వేలాడుతుంది. దాని మీద నేసినవాళ్ల ఫొటో, కింద "ఒక చీర, ఒక చెయ్యి" అన్న మాట.

"దీని మీద ఎవరు కూర్చున్నారు?" అంది.

కొడుకు తల గోక్కున్నాడు. అతను బస్సు నడుపుతాడు, మగ్గం జోలికి వచ్చినవాడు కాదు. వంటింటి గుమ్మంలో కోడలు తడి చేతులు తుడుచుకుంటోంది.

"నేనే అత్తయ్యా."

"నువ్వా! నీకు నేత ఎప్పుడొచ్చింది?"

"రాలేదు. షాపావిడ ఫోన్ల మీద ఫోన్లు. చీర ఇవ్వకపోతే ఇంకోళ్లను చూసుకుంటానంది. మీరేమో ఆస్పత్రిలో."

"రాకుండానే నేశావా? గాలికి అల్లుకుందా?"

 నూలు కండెలు చుట్టి ఇవ్వడం తప్ప కోడలిని ఎవరూ ఏ పనీ అడగలేదు, ఇన్నేళ్లలో.

"ఆ కిటికీ తెరు. నీ చెయ్యి పడ్డ దగ్గర్నుంచీ విప్పేస్తా."

దోనె మీది చీరను విప్పించి వెలుతురుకు పట్టించింది. కొంగు వైపు నుంచి వేలితో తడుముతూ వచ్చింది. మళ్లీ అటు నుంచి ఇటు. 

"ఎక్కడే?"

"ఏంటి?"

"నా చెయ్యి ఎక్కడ ఆగింది?"

కోడలు వచ్చి వంగి చూసింది. "ఇదిగో, ఇక్కడ. కాదు... ఇక్కడే ఎక్కడో." నేసిన మనిషికే దొరకలేదు.

అత్త వేలు ఒక పోగు దగ్గర ఆగింది. "ఇదేంటి? దీన్ని రెండుసార్లు కొట్టావేం?"

"మీరు కొడతారుగా."

"నేనా!"

"ఊఁ. టక్, టక్, టక్ మని వచ్చి, ఉన్నట్టుండి టకటక్. వంటింట్లోకి వినిపిస్తూనే ఉంటుంది. బట్ట గట్టిగా ఉండాలని అలా కొడతారేమో అనుకున్నా."

"ఎప్పుడెప్పుడు కొట్టాలో ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు రావాలి అనిపించినప్పుడల్లా కొట్టా."

ఆమె గుంట అంచున కూలబడింది. నేస్తుండగా కుడి మోకాలు పట్టేసేది. కాలు తొక్కుడు చెక్క మీదే ఉండిపోయేది. ఆ సంగతి తెలియని చెయ్యి అదే పోగును మళ్లీ కొట్టేది. ఆపరేషన్ దాకా ఆ నొప్పి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదనుకుంది. బట్టకు కూడా తెలియదనుకుంది. తాను నేసిన మొదటి భాగాన్ని దగ్గరకు లాక్కుని చూసింది. అక్కడా ఉంది. కొంత దూరం పోయాక మళ్లీ ఉంది.

"అది నేత కాదే పిచ్చిదానా. నా మోకాలు."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అంటే ఇన్నాళ్లూ అమ్మ మోకాలి నొప్పిని కూడా చీరలతో కలిపి అమ్మామా?" అన్నాడు కొడుకు. ఎవరూ నవ్వలేదు. అతను బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు షాపావిడ వచ్చింది. చీర కోసి, మడతపెట్టి, అట్టముక్క తీసింది.

"అది కట్టకు. ఇందులో రెండు చేతులున్నాయి" అంది అత్త.

"అయ్యో పెద్దమ్మా! ఎక్కడ?"

"దొరకడం లేదు."

"మీకే దొరకంది కొనేవాళ్లకేం దొరుకుతుంది? కట్టేస్తా."

"కట్టకన్నాగా. ఒక చెయ్యి అని రాసుంది దాని మీద."

"పోనీ మారిన దగ్గర కోసి రెండు ముక్కలు చేద్దామా?"

"ఎక్కడ కోస్తావ్?"

షాపావిడ కత్తెర సంచిలో పెట్టేసుకుంది. అట్టముక్క లేకుండానే చీర తీసుకుంది. ఫొటో లేనివాటిని వెనక అరలో పెడతామని, త్వరగా పోవని చెప్పింది. అత్త సరేనంది. ఆఖరి పోగు ఎక్కడుందో తెలియకుండానే చీర గడప దాటిపోయింది.

మగ్గం ఖాళీగా ఉంది. కోడలు దాని పక్కనే నిలబడింది.

"కొత్త పడుగు ఎక్కించమంటారా అత్తయ్యా? ఈసారి ఆ రెండో దెబ్బ వెయ్యను."

"వెయ్యకుండా ఉండగలవా?"

కోడలు కళ్లు మూసుకుని, ఉత్త గాలిలో పలకను కొడుతున్నట్టు చెయ్యి ఆడించింది. ఒకటి. ఇంకొకటి. మరొకటి. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఉన్న చోటే మళ్లీ పడింది.

కళ్లు తెరిచి, భయంగా చూసింది. "మానడం రావట్లేదత్తయ్యా."