అందరికీ తెరిచిన ఫైళ్లు

నిన్న ఆఫీసులో పాడైన డిస్కు మార్చి, బ్యాకప్‌లోని ఫైళ్లు తిరిగి ఎక్కిస్తుంటే కరెంటు పోయి యూపీఎస్ ఆగకుండా కూయడం మొదలుపెట్టింది. ఆ కూత చెవిన పడగానే నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. చాలా ఏళ్ల కిందట మార్కాపురంలోని ఓ రక్తపరీక్షల ల్యాబులో, ఇలాంటి కూతే వింటూ నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జల్లుమంటుంది. అక్కడి కంప్యూటర్ గదికి పెద్ద సుభద్రక్క. గిద్దలూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. అక్కడి కంప్యూటర్లు నడిచే యూనిక్స్ నాకు నేర్పింది ఆవిడే. ఏ మార్పు చేసినా ప్రతి కౌంటర్‌కూ వెళ్లి, అక్కడివాళ్ల లాగిన్‌తో, వాళ్లు చూడకూడని ఫైళ్లు తెరుచుకుంటాయేమోనని పనిగట్టుకుని ప్రయత్నించేది. నాకది చాదస్తంగా తోచేది.

"రావాల్సింది రాకపోతే వాళ్లే వచ్చి అడుగుతారు తమ్ముడూ. రాకూడనిది వస్తే ఎవురూ చెప్పరు," అనేది.

ఆవిడ సెలవులో ఉన్న రోజునే డిస్కు పోయింది. సర్వాధికారాలూ ఉన్న రూట్ లాగిన్‌తో బ్యాకప్‌ను మామూలుగా కాపీ కొట్టాను. ఫైళ్లన్నీ వచ్చాయి. కానీ అన్నీ రూట్ సొత్తయి కూర్చున్నాయి, ఎవరు ముట్టుకున్నా అనుమతి లేదంటోంది. కరెంటు పోయి యూపీఎస్ కూస్తోంది. బయట పెద్దారవీడు, కొమరోలు నుంచి పరగడుపున వచ్చినవాళ్లు వరుసలో నిలబడి ఉన్నారు. ఒకే ఒక్క కమాండ్‌తో ప్రతి ఫైలూ అందరికీ తెరిచేశాను. క్షణాల్లో పని నడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయి అక్కకు ఫోన్ చేశాను.

"ఎట్ల తెరిచినావు?"

"అన్నీ అందరికీ ఇచ్చేసినానక్కా."

"మూసెయ్యి. ఇప్పుడే వస్తన్నా," అంది.

మూస్తే జనం గొడవ చేస్తారని నేను మూయలేదు. అక్క మధ్యాహ్నానికి వచ్చింది. ఏ ఫైలు ఎవరిదో, ఎవరు చూడొచ్చో ఆ వివరమంతా బ్యాకప్‌లోనే ఉంటుందని చూపించి, దానితో సహా మళ్లీ ఎక్కించింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. గండం గడిచిందనుకున్నాను.

నాలుగో రోజు పుల్లలచెరువు వైపు నుంచి ఒకామె బట్టల సంచితో వచ్చింది. "నా కాగితం నా చేతికి రాకముందే మా అత్తకు ఎట్ల తెలిసింది?" అని అడిగింది. గొంతు కూడా పెంచలేదు. ఆమె చేయించుకున్నది హెచ్‌ఐవీ పరీక్ష. బిల్లుల కౌంటర్లో వాళ్ల ఊరి మనిషి ఉన్నాడు. నేను ఫైళ్లు తెరిచి ఉంచిన ఆ పూట ఆమె పేరు కనిపించగానే ఫైలు తెరిచి, ఊళ్లో చుట్టానికి ఫోన్ చేశాడట. రిపోర్టులో జబ్బు లేదనే ఉంది. కానీ ఆ పరీక్షకు పోయిందన్న మాటే చాలింది, అత్త ఆమె బట్టలు తెచ్చి వాకిట్లో పడేయడానికి. నేను కొట్టిన ఒక్క కమాండ్ ఒక మనిషిని ఇంట్లోంచి గెంటించిందంటే నమ్మలేకపోయాను.

"ఎవరు చేసినారిది?" యజమాని అడిగాడు. నేను కంప్యూటర్ వైపు తిరిగి ఏదో కొడుతున్నట్టు నటించాను.

"సిస్టం నా చేతిలోది. తప్పు నాదే," అంది అక్క.

అక్కడికక్కడే ఆవిడను పనిలోంచి తీసేశారు. అక్క తన టిఫిన్ డబ్బా సర్దుకుని, "పద తల్లీ, మీ అత్తతో నేను మాట్లాడతా," అని ఆమెను లేవదీసింది. రిపోర్టు అచ్చు తీసి ఇచ్చింది మాత్రం నేనే. ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుని, "నీకు పుణ్యముంటది నాయనా," అంది. అక్క నా వైపు చూడలేదు. ఇద్దరూ బస్టాండు దారి పట్టారు. చేసింది నేనేనని ఆ వేళ వెనక నుంచి కేకవేసి అయినా చెప్పలేకపోయాను. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి చెప్పడం.