బావ వాచీలో పెద్ద ముల్లు

దెయ్యాలు లేవని నాకు తెలిసినంత గట్టిగా అనకాపల్లిలో ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే ఈ ఊళ్ళో తిరుగుతున్న దెయ్యం కథల్లో నాలుగైదు నేను పుట్టించినవే. ఎలమంచిలి ఆఖరి బస్సులో టికెట్టు తీసుకోని ఆడమనిషి నాదే. రైల్వే గేటు దగ్గర బీడీ అడిగే ముసలాయన కూడా నావాడే. ఆ మధ్య ఒకతను ఆ ముసలాయన్ని స్వయంగా చూశానని వచ్చి నాకే చెప్పాడు. ఎలా ఉన్నాడని అడిగి ఓపిగ్గా విన్నాను. నేను పెట్టని గడ్డం కూడా పెట్టాడు.

అలాంటివాడు నిజం చెబుతానంటే ఎవరు నమ్ముతారు? అందుకే ఇది రాయడానికి చాలా రోజులు జంకాను.

నా పేరు సన్యాసిరావు. మెయిన్ రోడ్డులో ఒక మంచం పట్టేంత కొట్టు నాది. యాభై ఏళ్ళకు పైగా అందులో కూర్చుని వాచీలు బాగుచేస్తున్నాను. ఇప్పుడు టైముకి అందరి దగ్గరా సెల్‌ఫోన్లున్నాయి. చెయ్యి కూడా కొంచెం వణుకుతోంది. కొట్టు మూసెయ్యమని మా ఆవిడ అనేది. మూసేస్తే రోజంతా ఇంట్లోనే ఉంటానని గుర్తుచేశాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఈ సంగతి మా నూకాలక్క భర్త అప్పలనాయుడు బావ వాచీది. బావది మునగపాక పక్క పల్లె. చెరకు రైతు. ఆ చుట్టుపక్కల ఏ ఊరి పండక్కి ఎడ్ల బండ్ల పరుగు పందేలు పెట్టినా టైము చూడ్డానికి బావనే పిలిచేవారు. ఏ జత ఎంతసేపట్లో పరుగు పూర్తి చేసిందో ఆయన చెబితే అదే ఖాయం. ఎదురు మాట్లాడేవారు కాదు.

దానికోసమే కొన్నాడు ఆ వాచీ. ఓడ కెప్టెన్ ఒకాయన బావ ప్రతిభకు మెచ్చి ఇచ్చాడని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. అబద్ధం. విశాఖలో పాత సామాన్ల కొట్లో బేరమాడి కొన్నాడు. పక్కన నేనే ఉన్నాను. కెప్టెన్ సంగతి తిరుగు బస్సులో నాకు తట్టింది.

అది చేతి వాచీలోనే స్టాప్‌వాచీ కూడా కలిసిన పాత రకం. క్రోనోగ్రాఫ్ అంటారు. బ్యాటరీ ఉండదు, కీ ఇస్తే నడుస్తుంది. టైము చూపించే ముళ్ళు వాటి దారిన అవి తిరుగుతాయి. వాటి మీద సన్నటి పెద్ద ముల్లు ఒకటి సున్నా దగ్గర ఊరికే నిలబడి ఉంటుంది. పై బటన్ నొక్కితే అది నిమిషానికో చుట్టు పరుగెడుతుంది, చుట్లను పక్కనే బుల్లి ముల్లు లెక్కపెడుతుంది. మళ్ళీ నొక్కితే ఉన్నచోట ఆగుతుంది. కింది బటన్ నొక్కితే సున్నాకి వచ్చేస్తుంది. ఈ మూడూ గుర్తుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

పందేలు లేని రోజుల్లో బావ అక్కకే పందెం పెట్టేవాడు. ఉన్నచోటు నుంచి "నూకాలూ!" అని ఒక్క కేక వేసి బటన్ నొక్కేవాడు. అక్క పని వదిలి వచ్చి ఎదురుగా నిలబడ్డాక మళ్ళీ నొక్కి, మైకులో చెప్పినట్టు చెప్పేవాడు.

"వంటింటి కాడినుంచి బయల్దేరిన జత ఇప్పుడే వచ్చింది! దీనికి ఆఖరి బహుమతి కూడా నేదు!"

"ఆ వాచీని ఓ రోజు బెల్లం పెనంలో పడేత్తాను, సూడండి" అనేది అక్క.

ఒక్క నియమం మాత్రం ఎప్పుడూ తప్పలేదు. అక్క తన కళ్ళెదుటికి వస్తే తప్ప రెండోసారి నొక్కేవాడు కాదు. మధ్యలో ఎవరొచ్చి పలకరించినా ముల్లు తిరుగుతూనే ఉండేది.

కొన్నేళ్ళ కిందట, గానుగాట రోజుల్లో బావ పోయాడు. అక్క పెనం దగ్గర ఉంది. చెరకు రసం ఉడికి పాకానికి వచ్చే వేళ పెనం దగ్గరున్న మనిషి కదలకూడదు. రెప్పపాటు ఆలస్యమైతే పాకం ముదిరి, ఆ పెనమంతా పాడైపోతుంది. సరిగ్గా అప్పుడే పిప్పి కుప్ప అవతలినుంచి బావ కేక వినిపించింది. అక్క "వత్తన్నాను, ఉండండి" అని పాకం కలుపుతూ ఉండిపోయింది. బెల్లం దింపి వెళ్ళేసరికి బావ పిప్పి కుప్పకు ఆనుకుని ఉన్నాడు. అప్పటికే ప్రాణం లేదు. గుండెపోటు అన్నారు.

అక్క తన చేత్తోనే ఆ వాచీ తీసి, బావ తలగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. ఇన్నేళ్ళూ దాని ఊసే ఎత్తలేదు.

ఈ మధ్య ఒక ఉదయం ఆటో దిగి, ఆ మూట నా బల్ల మీద పెట్టింది. నడిచేలా చెయ్యమంది. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

అక్క వెళ్ళాక మూట విప్పాను. నూనె బంకలా గడ్డకట్టింది. కీ తిరగలేదు. లోపల ఒక స్ప్రింగు విరిగింది. అలాంటి వాచీ చేతికొచ్చి ఎన్నేళ్ళయిందో! ఆనందంలో వీధంతా వినిపించేలా గొప్పలు చెప్పాను. ఇలాంటిది విప్పగలిగినవాడు నేను తప్ప మన రాష్ట్రంలోనే లేడన్నాను. పక్క కొట్టు టైలరు దేవదానం కుట్టు ఆపకుండానే, "మాకవరపాలెంలో ఒకాయన ఉన్నాడు మామా" అన్నాడు. దేవదానం వాళ్ళ చర్చిలో సంఘ పెద్ద. అబద్ధం ఆడడు, నన్ను ఆడనివ్వడు. ఇన్నేళ్ళుగా మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క ఇటుక గోడే. ఎలా బతికానో నాకే తెలియదు.

పని మాత్రం నిజంగానే కష్టమైంది. మిషను మొత్తం విప్పి, ఒక్కొక్క చక్రమూ పెట్రోల్లో కడిగాను. విరిగిన స్ప్రింగు ఎక్కడా దొరకదు. పాత వాచీ ఒకదాన్ని చంపి, దాని స్ప్రింగు ముక్క కోసి, ఆకురాయితో అరగదీసి సరిపెట్టాను. చెయ్యి వణికినప్పుడల్లా మోచెయ్యి బల్లకు అదిమి, ఊపిరి బిగబట్టి పని చేశాను. దాని గుండె మొదటిసారి కొట్టుకున్నప్పుడు నా కళ్ళు తడిశాయి. ఇది కోత కాదు.

మిషను ఇంకా బయటే ఉండగా అక్క వచ్చింది. నేను ఉత్సాహంగా అన్నీ చూపిస్తున్నాను. ఆవిడ అవేమీ వినలేదు.

"ఒరే సన్నాసీ, ఆ పెద్ద ముల్లు ఎక్కడ ఆగుందిరా?"

నేను నా వేలి వైపు చూసుకున్నాను.

మా పనిలో ఇలాంటి వాచీ చేతికి రాగానే మొదట చేసేది కింది బటన్ నొక్కడం. పెద్ద ముల్లుని సున్నాకి తెచ్చాకే ముళ్ళు పీకుతాం. అది ఆలోచించి చేసేది కాదు, వేలే చేసేస్తుంది. నేనూ నొక్కేశాను. ముల్లు గిర్రున వచ్చి సున్నా దగ్గర నిలబడింది. ఎక్కడినుంచి వచ్చిందో చూడలేదు.

"నొక్కేసేవా?" అంది అక్క. కొట్టు మెట్టు మీదే కూలబడింది.

అప్పుడు చెప్పింది. బావ కేక వేశాడంటే బటన్ నొక్కే ఉంటాడు. ప్రాణం పోయేటప్పుడు వేలు బిగిసి మళ్ళీ నొక్కుకునే ఉంటుంది. తను పాకం కలుపుతున్నంతసేపూ ఆయన అక్కడ పడి, తన కోసం ఎదురుచూస్తూ ఎంతసేపు కొట్టుకున్నాడో ఆ ముల్లుకే తెలుసు. ఇన్నేళ్ళూ ఆ వాచీ వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఈ వయసులో, పోయేలోగా తెలుసుకుందామని తెచ్చింది. రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ కేకే వినిపిస్తుందట. లేచి కూర్చుంటుందట.

"ముందే సెప్పుంటే చూసేవాణ్ణి కదక్కా!"

"ముందే సెప్తే నువ్వు కత అల్లేత్తావు. అందుకే సెప్పనేదు."

నేను నోరు తెరిచాను. ఏదో ఒక అంకె చెప్పేద్దామని. చిన్న అంకె. అక్క చెయ్యెత్తి ఆపింది.

"వద్దురా. నీ నోట్లోంచి ఏ అంకె వచ్చినా నాను నమ్మను."

నా జీవితంలో ఒక్కసారి నా మాటకు విలువుండాలని ఏడ్చిన రోజు అది.

తర్వాత మిషనుని వాచీ కేసులో బిగించి, ముళ్ళు పెట్టి, కీ ఇచ్చాను. చక్కగా నడిచింది. పై బటన్ నొక్కాను. పెద్ద ముల్లు పరుగెత్తింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకె కూడా దాటింది. అయిదు తాకకముందే ఆగిపోయింది.

నా వణుకుడు వేలు రెండోసారి తగిలి ఉంటుందనుకున్నాను. సున్నాకి తెచ్చి మళ్ళీ నొక్కి, చెయ్యి వెనక్కి తీసేశాను. మళ్ళీ అక్కడే ఆగింది. మిషను విప్పాను. చక్రానికి ఒక పన్ను వంగి ఉంటే ముల్లు ప్రతిసారీ ఒకేచోట పట్టేస్తుంది. భూతద్దం కంటికి పెట్టుకుని ప్రతి పన్నూ చూశాను. వంగింది ఒక్కటీ లేదు. పైగా అలా పట్టేస్తే వాచీ మొత్తం ఆగాలి. ఇది ఆగలేదు. టైము ముళ్ళు హాయిగా నడుస్తున్నాయి.

నన్ను భయపెట్టింది ఇంకొకటి. లోపల కోట బురుజులా పళ్ళు నిలబడి ఉండే చిన్న చక్రం ఒకటి ఉంటుంది. పై బటన్ నొక్కిన ప్రతిసారీ అది ఒక్క మెట్టు తిరుగుతుంది. వేలు నొక్కకుండా తిరగదు, అందుకు దారే లేదు. ముల్లు ఆగాక చూస్తే, ఆ చక్రం నేను నొక్కినదానికి మించి ఇంకో మెట్టు తిరిగి ఉంది. ఎవరో నొక్కినట్టు.

ఏమీ చెప్పకుండా వాచీని దేవదానం చేతిలో పెట్టి, పై బటన్ నొక్కమన్నాను. సూదిలో దారం ఒక్క విసురులో ఎక్కించే చెయ్యి అతనిది, వణకదు. నొక్కి బల్ల మీద పెట్టాడు. ముల్లు నాలుగు దాటి, అయిదు తాకకముందు ఆగింది.

"ఆగిపోనాది మామా. ఇంకా బాగవనేదా?" అన్నాడు.

అక్కకి ఫోన్ చేసి వాచీ అయిందని మాత్రం చెప్పాను. వచ్చాక దేవదానాన్ని కూడా పిలిచి పక్కన నిలబెట్టాను. నన్ను ఎలాగూ నమ్మదు కదా. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

అక్క పై బటన్ నొక్కి, వాచీని అరచేతిలో పెట్టుకుంది. ముల్లు నాలుగు దాటింది. ఆగింది.

"నానేటీ సెయ్యనేదు" అంది కంగారుగా.

"మళ్ళీ నొక్కక్కా" అన్నాను. కింది బటన్ చూపించాను. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అక్కడే.

అక్క వాచీని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. నా తెలివికి తోచింది నేను చెప్పాను. ముల్లు ఒక్క చుట్టు కూడా తిరగలేదు, అంటే బావ బాధపడే సమయం కూడా లేకుండా పోయాడు. అక్క తల అడ్డంగా ఊపింది.

"అది కాదురా. నాను ఎదురుగా నిలబడితేగానీ నొక్కరు కదా. నొక్కేరంటే, ఆరి కంటికి నాను వచ్చేసేను."

దేవదానం కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తుడుచుకుంటూ తన కొట్లోకి వెళ్ళిపోయాడు.

ఆవిడ ముల్లుని సున్నాకి తెచ్చి ఇంకొక్కసారి నొక్కింది. ఈసారి ముల్లు నాలుగు దాటింది, అయిదూ దాటింది, ఆరూ దాటింది. చుట్టూ తిరిగి, మళ్ళీ తిరుగుతూనే ఉంది. అక్క చూసి నవ్వి, తనే ఆపింది. ఆ రోజునుంచి ఇప్పటివరకు ఆ ముల్లు తనంతట తాను ఒక్కసారి కూడా ఆగలేదు. నేను ఎన్ని విధాల ప్రయత్నించినా ఆగలేదు.

ఇక ఒప్పుకోవలసినవి ఉన్నాయి. ఈ సంగతి బెల్లం మార్కెట్లో చెప్పినప్పుడు, ముల్లు ఆగిన క్షణంలో కొట్టంతా వేడి పాకం వాసన కొట్టిందన్నాను. కొట్టలేదు. పెట్రోలు వాసనే. ఫ్యాను దానంతటదే ఆగిందన్నాను. ఆగింది, కానీ అది మర్నాడు, కరెంటు పోయి. "నూకాలూ" అని బావ గొంతు వినిపించిందన్నాను. అది విన్న ఒకాయన అరుగు మీదే చతికిలబడ్డాడు. ఆయనకు క్షమాపణలు. ఏ గొంతూ వినపడలేదు. అవన్నీ తీసేస్తే మిగిలినదే పైన రాశాను. దేవదానం చదివి, "ఇది ఉన్నదున్నట్టే ఉంది మామా, ఒంట్లో బాగుందా?" అని అడిగాడు.

అక్కకి ఇప్పుడు నిద్ర పడుతోంది. తెల్లారి కోడలు లేపాలట. వాచీ గాజుల మధ్య పెట్టుకుని తిరుగుతోంది. మొన్న భోజనానికి రమ్మని ఫోన్ చేసింది. ఆటో దొరికి, మధ్యలో చెరకు బళ్ళు అడ్డమొచ్చి, నేను వెళ్ళేసరికి చాలాసేపయింది. అక్క గుమ్మంలో నిలబడి బటన్ నొక్కింది.

"అనకాపల్లి జత ఇప్పుడే వచ్చింది! కూర సల్లారిపోనాదిరా ఎదవా!"

నేను ముందు ముల్లు వైపే చూశాను. అక్క వేలు ఇంకా బటన్ మీదే ఉంది. ఆ వేలు నొక్కితేనే ఆగింది. హమ్మయ్య అనుకుని చెప్పులు విప్పాను.

ఆ రోజు నొక్కిందెవరో నాకు తెలియదు. దానికో కథ అల్లడం నాకు చిటికెలో పని. అల్లలేదు.