ప్రొఫెషనల్ అంజిలయ్య

చెరువు ఒడ్డున ఉన్న క్లబ్బు హాల్లో గోడకు ఒక టేకు చెక్క బోర్డు ఉంది. ఏటా తెరచాప పందెం గెలిచినవాళ్ల పేర్లు దాని మీద పసుపు రంగుతో రాయిస్తారు. రెండువేల సంవత్సరానికి ఎదురుగా ఏ పేరూ లేదు. ఆ ఏడాది ఆ చెరువు మీద అందరికంటే ముందున్న మనిషి పేరు అంజిలయ్య. ఊరు ఎంకపల్లి, అప్పటికి వయసు ముప్పై మూడు. అప్పట్లో ఆ బోర్డుకు నెలకోసారి నూనె రాసి తుడిచింది కూడా అతనే.

క్లబ్బుకు రాకముందు పదిహేనేళ్లు అంజిలయ్య చేవెళ్లలో లక్ష్మీనర్సయ్య టెంట్ హౌస్‌లో పనిచేశాడు. పెళ్లిళ్లకూ సభలకూ దినాలకూ షామియానాలు వెయ్యడం పని. కొత్తగా చేరినవాళ్లు గుడ్డను నాలుగు వైపులా బిగదీసి కడతారు. చూడ్డానికి బాగుంటుంది. గట్టి గాలి వస్తే గుంజలతో సహా లేచిపోతుంది. అంజిలయ్య గాలి వచ్చే వైపు కింద గట్టిగా లాగి కట్టి, గాలి పోయే వైపు పై అంచును వదులుగా వదిలేసేవాడు. ఆ వదులు చూసి పెళ్లివాళ్లు ముఖం చిట్లించేవారు. "గాలికి తొవ్వ ఇయ్యాలె. మనం ఇయ్యకపోతె అదే చేసుకుంటది" అని చెప్పి తన పని తాను చేసుకుపోయేవాడు.

లక్ష్మీనర్సయ్య కొడుకు కల్యాణ్ ఇంజనీరింగ్ చదివి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. అక్కడి కుర్రాళ్లు పదిమంది కలిసి, సెలవు రోజులకు ఒక ఆట ఉండాలని అజీజ్‌నగర్ వెనక చెరువు ఒడ్డున క్లబ్బు పెట్టారు. ఆటకు కావలసిన బోర్డులు విదేశాల నుంచి దిగాయి. నిలువెత్తు మనిషి కంటే పొడవైన బోర్డు, దాని మీద ఒక కంబం, కంబానికి తెరచాప. మనిషి బోర్డు మీద నిలబడి, తెరచాపను చేతుల్తో పట్టుకొని గాలితో పోవాలి. వస్తువులైతే వచ్చాయి. వాటిని ఎండలో పడేస్తే పీలికలవుతాయనీ తడిగా చుట్టిపెడితే బూజు పడతాయనీ ఆ పదిమందిలో ఎవరికీ తెలియదు. ఒక్క ఎండాకాలంలో సగం తెరచాపలు పాడయ్యాక కల్యాణ్‌కు తండ్రి దుకాణంలోని మనిషి గుర్తొచ్చాడు.

"అంజన్నా, గుడ్డ పనే. కాకపోతె నీళ్లల్ల" అని పిలుచుకొచ్చాడు.

చిరిగిన తెరచాప కుడితే సరిపోదు, అది గాలికి ఎలా నిలుస్తుందో నీళ్ల మీద చూడాలి. ఆ పని మీదే అంజిలయ్య బోర్డు ఎక్కాడు. నెల రోజులు పడ్డాడు. రెండో వానాకాలానికి, నీళ్లలో పడ్డ సభ్యులను ఒడ్డుకు తెచ్చేది అతనే అయ్యాడు.

రెండువేలలో క్లబ్బు మొదటిసారి స్లాలమ్ పోటీలను సీజన్ మొత్తానికి పెట్టింది. నీళ్ల మీద ఐదు నారింజ రంగు డబ్బాలు అటొకటి ఇటొకటిగా తేలుతుంటాయి. అందరూ ఒకేసారి బయల్దేరి, వాలుగా వీచే గాలితో ఒక్కో డబ్బానూ చుట్టి, చుట్టిన ప్రతిచోటా తెరచాపను ఇటు నుంచి అటు మార్చుకుంటూ చివరికి చేరాలి. వేగం అందరికీ వస్తుంది. డబ్బా దగ్గర తిరిగేటప్పుడే మనుషులు పడతారు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆరు ఆదివారాలు. ఫస్టు వస్తే ఒక పాయింటు, సెకండు వస్తే రెండు, అలా. ఆఖరికి ఎవరి లెక్క తక్కువైతే కప్పు వాళ్లది. ఆరు ఆదివారాలూ పూర్తయితేనే కప్పు. ప్రతిసారీ ఎనిమిది బోర్డులు ఉంటేనే పోటీ.

పోటీకి పేర్లిచ్చిన ఎనిమిదిమందిలో ఒక సభ్యుడు మే నెలలో బైకు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. లెక్క తక్కువైంది. క్లబ్బు సెక్రటరీ, నగరంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనాయన, అంజిలయ్యను పిలిచి ఫారం చేతికిచ్చాడు. "నింపుకురా. ఊరికే నిలబడితే చాలు."

ఫారం ఇంగ్లీషులో ఉంది. అంజిలయ్య దాన్ని ఇంటికి తీసుకెళ్లాడు. భార్య వనిత పదో తరగతి పాసై మొయినాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో అటెండరుగా చేస్తోంది.

"గీడ రెండున్నయి" అంది ఆమె పెన్ను పట్టుకొని. "ఒకటి అమెచూర్ అట, ఒకటి ప్రొఫెషనల్ అట. ఏదానికి టిక్కు వెట్టాలె?"

"అమెచూర్ అంటె ఏంది?"

"నాకెర్క లేదు. ప్రొఫెషనల్ అంటె ఎర్కే. మా కాలేజీ గేటు మీద గదే ఉన్నది. ప్రిన్సిపాల్ సారు మైకు వట్టిండంటె గదే మాట. పని మంచిగ వచ్చినోళ్లను అంటరు."

"నేను సదువుకోలె గదనే."

"సదువు సంగతి గాదు, పని సంగతి. నీ అంత మంచిగ గా గుడ్డలు కట్టెటోడు ఆడ ఎవడన్న ఉన్నడా?"

"లేడు."

"మరి?" అని టిక్కు పెట్టింది.

మొయినాబాద్ రోడ్డు మీద బస్సు దిగి ఒక అరగంట నడిస్తే ఆ మాట పది బోర్డుల మీద కనిపించే రోజులవి. పిల్లల్ని ప్రొఫెషనల్ కోర్సులో చేర్చడానికి పొలాలు అమ్ముకున్న ఊళ్లవి. ఆ చుట్టుపక్కల ఎవరి చేతికి ఫారం ఇచ్చినా ఆ గడిలోనే టిక్కు పడేది.

మొదటి ఆదివారం అంజిలయ్య నాలుగో స్థానంలో వచ్చాడు. సభ్యులు చప్పట్లు కొట్టి ఫొటో తీసుకున్నారు. రెండో ఆదివారం ఫస్టు వచ్చాడు. అప్పుడూ చప్పట్లు కొట్టారు. మూడోసారి సెకండు. నాలుగోసారి, ఐదోసారి మళ్లీ ఫస్టు. ఆ రెండుసార్లు చప్పట్లు కొట్టినవాళ్లు తగ్గారు. మొత్తం తొమ్మిది పాయింట్లు. రెండో స్థానంలో కల్యాణ్, పన్నెండు. ఆఖరి ఆదివారం మూడో స్థానం వచ్చినా అంజిలయ్యదే కప్పు.

కప్పు మీద అతనికి పెద్ద ఆశ లేదు. ఆశ టేకు బోర్డు మీద. "చేవెళ్ల నుంచి గీడిదాంక ఎన్ని టెంట్లు ఏసిన్నో లెక్క లేదు" అన్నాడు వనితతో. "పొద్దుగూకంగ అన్ని ఇప్పేసుడే. యాడ గూడ నేను చేసిన్నని గుర్తు లేదు. గా బోర్డు మీద రంగుతోని రాస్తె చెరిగిపోదు."

"పూర్తి పేరు రాయమను" అంది వనిత. "అంజి అని రాస్తరు, బద్మాష్‌గాళ్లు."

ఐదో ఆదివారం గడిచిన మర్నాడు సెక్రటరీ ఫారాలు తీసి చూశాడు. జూన్ నుంచి ఆ ఫారాలు ఆయన టేబులు సొరుగులోనే ఉన్నాయి. మంగళవారం అంజిలయ్యను పిలిచాడు. పాయింట్ల కాగితం మీద అతని పేరు అప్పటికే ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది.

"చూడు అంజిలయ్యా, ఇది అమెచ్యూర్ల పోటీ. అంటే జీతం కోసం కాకుండా ఇష్టంతో ఆడేవాళ్లది. నువ్వు ఈ పని మీద జీతం తీసుకుంటున్నావు. ప్రొఫెషనల్ అని నువ్వే రాశావు కూడా."

"నాకు ఆడుడుకు జీతం ఇస్తలేరు సార్. కట్టుడుకు, కుట్టుడుకు ఇస్తున్నరు."

"రూలు అదంతా చూడదు."

"ఐదు ఐతారాల్ల ఎందుకు చూడలే సార్?"

సెక్రటరీ కాసేపు కాగితాలు సర్దాడు. "ఒక దారి ఉంది. ఈ మూడు నెలల జీతం వద్దని రాసివ్వు. గౌరవంగా చేస్తున్నట్టు అవుతుంది. అప్పుడు నువ్వూ అమెచ్యూర్‌వే."

"అంటె పనికి రావద్దా?"

"పనికి రాకపోతే ఎలా? సెయిల్స్ ఎవరు కడతారు?"

ఈ మాటను ఆయన నవ్వకుండా అన్నాడు. ఉద్యోగం పూర్తిగా మానేస్తే మానేయవచ్చు. కానీ క్లబ్బు బోర్డులు సభ్యులకూ సిబ్బందికీ తప్ప ఎవరికీ ఇవ్వరు. సభ్యత్వం అంజిలయ్యలాంటివాళ్లకు ఇవ్వరని ఎక్కడా రాసి ఉండదు, ఆ రుసుము చూస్తే రాయవలసిన అవసరమూ ఉండదు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చొని, కట్టి సిద్ధంగా పెట్టిన తెరచాపను అందుకొని నీళ్లలోకి దిగేవాడిది ఇష్టం. తెల్లవారి డబ్బాలకు రాళ్లు కట్టి నీళ్లలో నిలిపి, ఎనిమిది తెరచాపలు కట్టి, ఆ తర్వాత పోటీలో నిలబడి గెలిచినవాడిది కూలి. ఆ రూలు అర్థం అంతే. లెక్కకు మనిషి తక్కువైనప్పుడు మాత్రం అది సొరుగులో నిద్రపోయింది.

ఇంటికి పోయి విషయం వనితకు చెప్పాడు. "టిక్కు వెట్టింది నేనే గదా" అంది ఆమె.

"నువ్వు వెట్టకపోతె ఇంకోటి ఎతికెటోళ్లు. దానికెందుకు ఫికర్ జేస్తవు."

శనివారం ఆమె సెలవు పెట్టి అతనితో పాటు క్లబ్బుకు వచ్చింది. కల్యాణ్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి సెక్రటరీతో కూర్చొని ఉన్నాడు.

"చిన్న సేటూ, ఒకటి అడుగుత, ఏమనుకోకు" అంది వనిత. "నీ మెడల బిళ్ల ఉన్నది గదా, దాని మీద ఏం రాసున్నది?"

కల్యాణ్ వంగి చూసుకున్నాడు. ఫొటో, కంపెనీ పేరు, కింద సాఫ్ట్‌వేర్ ప్రొఫెషనల్.

"గదే మాట గదా. నువ్వూ ప్రొఫెషనలే, మా ఆయనా ప్రొఫెషనలే. ఆయన పేరొక్కటే ఎందుకు కొట్టేసిన్రు?"

సెక్రటరీ నవ్వాడు. "అది వేరే ప్రొఫెషనల్ అమ్మా."

"మాట ఒక్కటే ఉన్నది సార్. మీది వేరే అయితె మీరు వేరే మాట పెట్టుకోవాలె. గోడల మీద రాసి మా పిల్లలకు ఆశ పెట్టుడెందుకు?"

సెక్రటరీ కల్యాణ్ వైపు చూశాడు. కల్యాణ్ ఒక్క మాట చెప్పగలిగిన సమయం అది. పోటీలో రెండో స్థానంలో ఉన్నవాడే ఈ రూలు వద్దంటే ఎవరూ కాదనేవారు కాదు. అతను బిళ్లను చొక్కా జేబులో వేసుకొని, "రూల్ ఉన్నది గదా వదినా" అన్నాడు.

ఆఖరి ఆదివారం ఆగస్టులో, శ్రావణమాసంలో వచ్చింది. కాలు విరిగిన సభ్యుడు కట్టు విప్పించుకొని కుంటుతూ వచ్చాడు, ఎనిమిది సరిపోయింది. అంజిలయ్య రోజూలాగే తెల్లవారి వచ్చాడు. డబ్బాలు నిలిపాడు. షెడ్డు తాళం తీసి ఎనిమిది బోర్డులూ కంబాలూ తెరచాపలూ గడ్డి మీద వరసగా పరిచాడు. తర్వాత వెళ్లి చెరువు కట్ట మీద కూర్చున్నాడు.

"కట్టవేంటి?" అన్నాడు సెక్రటరీ.

"నేను ప్రొఫెషనల్ గద సార్. అమెచూర్ల ఆటల నా చెయ్యి వడ్తె రూలు తప్పుతది."

"నీ జీతం దీనికే!"

"ఈ ఒక్క రోజు జీతం కట్ చేసుకోండ్రి. గౌరవంగ కూసుంట."

సభ్యులే కట్టుకోవలసి వచ్చింది. ఏ తాడు ఎందులోంచి పోవాలో తేల్చుకొనేసరికి గంటన్నర పట్టింది. పదకొండుకు పడమటి గాలి గట్టిగా అందుకుంది. తెరచాపలన్నీ డప్పుల్లా బిగుతుగా, ముడత లేకుండా, పత్రికల్లో ఫొటోల్లా ఉన్నాయి. కట్ట మీద నుంచి చూస్తున్న అంజిలయ్యకు సంగతి తెలిసిపోయింది. కిందికి చాలినంత లాగలేదు, పై అంచు వదులు కాలేదు, గాలికి తోవ లేదు.

మొదటి డబ్బా చేరకముందే ఐదుగురు పడ్డారు. వెనక్కి పిలిచి మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి ఆరుగురు పడ్డారు. ఒకరి కంబం విరిగింది. కల్యాణ్ బోర్డును ఒడ్డుకు లాక్కొని, తడిసి ముద్దై కట్ట ఎక్కాడు.

"అంజన్నా, జర చెప్పు. పట్టుకుంటె మనిషిని ఎత్తేస్తున్నది. ఏం తప్పు కట్టినం?"

అంజిలయ్య అతని ముఖం చూశాడు. నిక్కర్ల వయసు నుంచి ఎరిగిన ముఖం. టెంట్ హౌస్‌లో చుట్టిన షామియానాల మీద పడుకొని నిద్రపోతే మెలకువ రాకుండా పక్కకు జరిపిన పిల్లాడు.

"నీ మాట నన్ను అడుగుతున్నవు" అన్నాడు. "నా మాట సారును అడిగినవా?"

కల్యాణ్ నిలబడ్డాడు. చెరువు వైపు చూశాడు, సెక్రటరీ కూర్చున్న గొడుగు వైపు చూశాడు. గొడుగు వైపు నడవలేదు. కిందికి దిగి, అదే తాడును అదే బిగువుతో మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు.

అంజిలయ్య చెప్పలేదు. ఒక్క తాడు జానెడు లాగితే తీరే తప్పు. పదిహేనేళ్లు ఎవరూ అడగకపోయినా సరిచేసిన చేతులు ఆ రోజు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. అది అతనికి సంతోషంగా లేదని తర్వాత వనిత చెప్పింది.

ఒంటిగంటకు మబ్బు కమ్మింది. వాన పడింది, గాలి ఆగిపోయింది. సాయంత్రం దాకా చూసి పోటీ రద్దు చేశారు. ఆరు పూర్తి కాలేదు గనక కప్పు లేదు. రూలు రూలే. సెక్రటరీ రిజిస్టరులో ఒకే వాక్యం రాశాడు: గాలి లేనందున ఆఖరి పోటీ జరగలేదు. క్లబ్బువాళ్లు ఇప్పటికీ చెప్పేది ఆ మాటే.

అంజిలయ్య సోమవారం తాళంచెవి ఇచ్చేసి చేవెళ్ల బస్సెక్కాడు. లక్ష్మీనర్సయ్య అతన్ని చూసి ఏమీ అడగకుండా పనిలో పెట్టుకున్నాడు. అడిగే తీరికా లేదు. ముందురోజు పదకొండున్నరకు, చేవెళ్లలో ఒక పెళ్లికి తన మనుషులు వేసిన షామియానా గాలికి గుంజలతో సహా లేచి రోడ్డు అవతల పడింది.