డెల్ పక్కన చుక్క

హెలెన్ తార్నాకలోని తన షాపులో థీసిస్‌లు టైపు చేస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. యూనివర్సిటీ నుంచి లెక్కలు, ఫిజిక్సు వాళ్లు ఆమె దగ్గరికే వస్తారు. సమీకరణాల దగ్గర ఆమె చెయ్యి తడబడదని పేరు. తండ్రి తెనాలి నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి అడిక్‌మెట్‌లో స్థిరపడ్డాడు. ఇంటర్‌లో ఆమెకు లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. ఆయన పోవడంతో డిగ్రీ మొదటి ఏడాదిలోనే మానేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. తలకిందులుగా ఉండే త్రికోణాన్ని డెల్ అంటారని ఆమెకు తెలుసు. అదేం చేస్తుందో తెలియదు.

పోయినేడు జూన్‌లో సుదర్శన్ అనే రీసెర్చ్ స్కాలర్ తన థీసిస్ తెచ్చిచ్చాడు. రాతిలో వేడి ఎలా ప్రవహిస్తుందన్నది అతని విషయం. ప్రూఫులు చూసుకోవడానికి వచ్చినప్పుడు హెలెన్ ఒక కాగితం చూపించింది.

"నూట పన్నెండో పేజీలో డెల్ పక్కన చుక్క ఉంది తమ్ముడూ. ఇక్కడ ఇంటూ గుర్తుంది. ఏది ఉంచమంటావు?"

సుదర్శన్ ఆ కాగితాన్ని నూట పన్నెండో పేజీ పక్కన పెట్టి చూశాడు. "చుక్కనే ఉండాలె అక్కా. నేనే తప్పు రాసిన. మా సార్ గూడ చూడలే. మీకు వెక్టర్ కాల్క్యులస్ వస్తదా?"

"రాదు. రెండు చోట్లా ఒకటే ఉండాలని కంటికి అనిపించింది. అంతే."

అతను వెళ్లిపోయాక ఆ మాట ఆమెను వదల్లేదు. తన కంటికి తెలిసినది తనకు తెలియకపోవడమేమిటి? మళ్లీ వచ్చినప్పుడు, నేర్చుకోవడానికి ఏ పుస్తకం మంచిదని అడిగింది. సుదర్శన్ నవ్వలేదు. తన కార్డు మీద లైబ్రరీ నుంచి మూడు తెచ్చాడు.

"గీ లావుది అన్నిట్ల తోపు అక్కా. మేమందరం గిదే చదివినం."

హెలెన్ దానితోనే మొదలుపెట్టింది. మొదటి పేజీలో నిర్వచనం, దాని కిందే నిరూపణ. ప్రతి గుర్తూ ఆమె వేళ్లకు పాత పరిచయమే, అర్థమైనది మాత్రం ఒక్కటీ లేదు. రెండో పుస్తకం నిండా చేసి చూపించిన లెక్కలు. వాటిని చూస్తూ తనూ చేసింది, సరైన జవాబులే వచ్చాయి. వారం గడిచాక, ఇక్కడా తను చేస్తున్నది టైపేనని తోచింది.

మూడోది సన్నగా ఉంది, అట్ట ఊడిపోయింది. అందులో మొదటి పాఠం ఒక గది గురించి. మూలన పొయ్యి వెలుగుతోంది. నువ్వు నిలబడ్డ చోటు నుంచి ఎటు అడుగేస్తే వేడి అన్నిటికంటే త్వరగా పెరుగుతుందో చెయ్యెత్తి చూపించు, అంది పుస్తకం. హెలెన్ కుర్చీలోంచే ఎడమచెయ్యి చాపింది. డెల్ చేసే మొదటి పని ఇదే, అని కింది వరసలో ఉంది. ఆమె చాపిన చెయ్యి వెంటనే దించలేకపోయింది.

అయినా తొందరపడలేదు. ఒకే పాఠాన్ని మూడింట్లోనూ చదివి, పుస్తకం మూసి, ఇంకొకరికి చెప్పి చూడాలనుకుంది. షాపు మెట్ల కింద బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే భారతమ్మ దొరికింది. మొదటి రెండు పుస్తకాల నుంచి చెప్పబోయి హెలెన్ మధ్యలోనే ఆగిపోయింది. మూడోదాన్నుంచి చెబితే భారతమ్మ పెట్టె పక్కన పెట్టి విన్నది.

"నేను రోజు జేసేది గదే గద బిడ్డా. మూత తియ్యనే తియ్య. పెట్టె చుట్టూత చెయ్యి తిప్పుత. బయటికి ఎంత వేడొస్తున్నదో చూస్తే లోపట నిప్పు ఎంతున్నదో ఎర్కైతది. గది గూడ నీ బుక్కుల ఉన్నదా?"

"ఏమో భారతమ్మా. నేనింకా అంతదాకా రాలేదు."

ఆగస్టులో అంతదాకా వచ్చింది. అన్ని వైపులా మూసి ఉన్న ఒక ఆకారం. దాని గోడల గుండా బయటికి పోయేదంతా కూడితే, లోపల పుడుతున్నదానికి సరిగ్గా సమానం. కిందనే సమీకరణం. ఒకవైపు మూడు పొడవాటి ఇంటెగ్రల్ వంకీలు, వాటి పక్కన డెల్, దాని పక్కన చుక్క. ఇంకోవైపు రెండు వంకీలు. ఎన్ని థీసిస్‌లలో ఎన్నిసార్లు టైపు చేసిందో ఆమెకే లెక్క లేదు. ఇన్నేళ్లూ తన వేళ్ల కింది నుంచి పోయిన మాట ఇదా? మెట్లు దిగి వెళ్లి, "ఉంది భారతమ్మా," అని చెప్పింది.

"ఉంటది మరి," అని భారతమ్మ ఇంకో చొక్కా పరిచింది.

చలికాలానికి లావు పుస్తకం కూడా కొద్దికొద్దిగా మాట్లాడసాగింది. దాన్ని అప్పట్లో పక్కన పెట్టడమే మేలైందని హెలెన్ సుదర్శన్‌తో అన్నది.

ఫిబ్రవరిలో అతని వైవా జరిగింది. రమ్మని పిలిస్తే షాపు మూసి క్యాంపస్‌కు వెళ్లి, చివరి వరసలో కూర్చుంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు థీసిస్ తిరగేస్తూ అడిగాడు.

"ఈ రాయిని మీరు పగలగొట్టలేదు. లోపల వేడి పుట్టడం లేదని ఎలా చెప్పగలరు?"

సుదర్శన్ తడుముకుంటున్నాడు. చివరి వరసలో హెలెన్‌కు జవాబు తెలుసు. ఆ సంగతి ముందు ఆమే నమ్మలేకపోయింది.

"చుట్టూ కొలిచినం సార్," అన్నాడు సుదర్శన్. "లోపలికి ఎంత పోయిందో బయటికి అంతే వచ్చింది. లోపల పుడితే బయటికి ఎక్కువ రావాలె."

పరీక్షకుడు తలూపి పేజీ తిప్పాడు. తర్వాత అందరికీ టీ ఇచ్చారు. హెలెన్ తన కప్పును బల్ల మీద పెట్టి, దాని చుట్టూ ఓసారి చెయ్యి తిప్పి చూసింది.