అత్తయ్య పెట్టెలో సీతాఫలం

మా మేనత్తకు మనుషుల మొహాలకంటే సంచులే బాగా గుర్తుండేవి. బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర, షిఫ్టు దిగి ఇంటికెళ్ళే ఆడవాళ్ళ సంచులు వెతకడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. టిఫిన్ డబ్బా మూత తీయించి, అడుగున గుడ్డముక్క దాచారేమోనని వేలు పెట్టి మరీ చూసేది. అందరూ ఆవిణ్ణి భూతద్దం అనేవాళ్ళు. ఆ పేరు పెట్టిందెవరా అని కూడా చాన్నాళ్ళు ఆరా తీసింది.

ఇంటికొచ్చినా ఆ చూపు మారేది కాదు. పాలు పొంగితే మా అమ్మ కావాలనే పొంగించిందనేది. పళ్ళ విషయంలో మరీ అన్యాయం. ఎవరైనా తినేస్తారని ఏ పండునూ ముగ్గనిచ్చేది కాదు. సీతాఫలమైతే సగం పండగానే గోళ్ళతో చీల్చేది. వగరుకు మూతి ముడుచుకుపోతున్నా "బాగానే ఉంది" అనేది. యాభై నాలుగేళ్ళొచ్చినా బాగా ముగ్గిన సీతాఫలం రుచి ఆవిడకు తెలియదు.

ఒకరోజు, గుండీలు కుట్టే ఒకావిడ పని మానేసి వెళ్ళిపోతూ అత్తయ్య చేతిలో ఒక సీతాఫలం పెట్టింది. "కళ్ళు బాగా విచ్చుకున్నాక తినక్కా. తొందరపడకు" అంది. రేపట్నుంచి ఆ గేటు దాటే పనే లేని మనిషి తనకెందుకు ఇచ్చినట్టు? ఎంత ఆలోచించినా అనుమానించడానికి అత్తయ్యకు ఏమీ దొరకలేదు. సరే, ఈ ఒక్కటీ ముగ్గేదాకా ఆగి తినాలని పంతం పట్టింది.

కాయను పాత పేపర్లో చుట్టి, మూటగట్టి, తన ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. మూటకు వేసింది మామూలు ముడి కాదు, గేటు దగ్గర పట్టుబడిన సంచులకు వేసే ముడి. ఆ పెట్టె వెనక మడతబందులు ఊడిపోయి పదేళ్ళయింది. ఆ సంగతి అత్తయ్యకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

రోజూ పనికెళ్ళే ముందు మూట విప్పి, కాయను బొటనవేలితో నొక్కి చూసి, మళ్ళీ ముడి వేసేది. మూడోరోజు పొద్దున ముడి ఎడమవైపుకు తిరిగి ఉంది.

"ఎవరో విప్పారు" అంది, నేరుగా అమ్మ మొహంలోకి చూస్తూ.

"పండు ఉందిగా వదినా!" అంది అమ్మ, కూర తరుగుతూ.

ఉంది. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. "అయితే మార్చేశారు. మంచిది తినేసి ఇంకోటి పెట్టారు."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు వండి పెట్టిన మా అమ్మను ఒక్క సీతాఫలానికి దొంగను చేస్తుందా!

మర్నాడు అత్తయ్య జ్వరమని చెప్పి ముసుగుతన్ని పడుకుంది. ఉద్యోగంలో చేరాక అదే మొదటి సెలవు. పరీక్షకు చదువుతున్నట్టు పుస్తకం పట్టుకున్నాను గానీ నా చూపంతా ఆ దుప్పటి మీదే. పదింటికి అమ్మ వచ్చింది. వదినగారు నిద్రపోతోందనుకుని, పెట్టె మూత వెనకనుంచి ఎత్తి మూట బయటికి తీసింది.

"దొరికావే!" అని అత్తయ్య దుప్పటి విసిరేసి లేచింది.

అమ్మ ఉలిక్కిపడింది గానీ మూట వదల్లేదు. మెల్లగా విప్పి పండు చూపించింది. ఒక పక్క నల్లటి మచ్చ.

"ఇది మీ వేలే వదినా. రోజూ ఇక్కడే నొక్కుతున్నారు. మచ్చ అడుక్కి పడితే కుళ్ళిపోతుందని మొన్నట్నుంచి పైకి తిప్పి పెడుతున్నాను. మీ ముడే నాకు సరిగ్గా రావట్లేదు."

అత్తయ్య తన బొటనవేలు ఆ మచ్చమీద ఆనించి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది.

"ఇవాళ తినేయండి. సాయంత్రానికి పాడైపోతుంది" అంది అమ్మ.

"ఇవాళే ఎందుకు తినమంటున్నావ్?"

అమ్మ పండును ఆవిడ అరచేతిలో పెట్టింది. పెట్టగానే అది రెండుగా విచ్చుకుంది. అత్తయ్య కాసేపు దానివంకే చూసి, ఒక గింజను గుజ్జుతో సహా నోట్లో వేసుకుంది. దవడ ఆడించడం మానేసింది.

"ఇలా ఉంటుందా ఇది?" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడమీద పెంచుకున్న కోపానికి సిగ్గేసింది.

అత్తయ్య రెండో సగం అమ్మకు అందించింది. అమ్మ వద్దంటూ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"తింటావా లేదా? నువ్వు తినకపోతే ఇందులో ఏం కలిపావో అని నాకు అనుమానమొస్తుంది" అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ.