ఖాళీగా ఉంటేనే కాలిపోయే గ్రాఫిక్స్ కార్డు

వారం నుంచీ మనసు మనసులో లేదండి. నేను పనిచేస్తున్నంతసేపూ చల్లగా ఉండే గ్రాఫిక్స్ కార్డు, కంప్యూటర్ ఆన్‌లో వదిలేసి బయటికెళ్ళొస్తే చాలు, పెనంలా కాలిపోతోంది. డ్రైవర్లు మార్చా, ఫ్యాన్లు మార్చా, లాభం లేదు.

ఇవాళ నందిగామలో ఎవరినైనా అడుగుదామని బయల్దేరి, హెల్మెట్ మర్చిపోయానని బండి స్టార్ట్ చేయకముందే వెనక్కొచ్చా. మా అత్తయ్య సీపీయూకి దుప్పటి కప్పి, చుట్టూ అంచులు దోపుతున్నారు!

“సిమెంటు లారీల దుమ్మంతా దీని మీదే పడుతోంది బాబూ. మీరు వెళ్ళగానే కప్పుతా, మీ బండి చప్పుడు వినగానే తీసేస్తా,” అన్నారు.

మా అమ్మయితే అరిచేవాణ్ణి. అత్తయ్య కదా, “మంచి పని చేశారండి,” అన్నా.

ఇప్పుడిది రాస్తుంటే, నేనెప్పుడు లేస్తానా అని దుప్పటి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో కాస్త తొందరగా చెప్పండి. నేను బాత్రూమ్‌కెళ్ళాలి.